పైవాటా కేసరి, కిందివాటా పిస్తా

22 జూలై 1969, మంగళవారం

చంద్రుడి మీద మనుషులు దిగారు. నిన్న పొద్దుట ఈయన రేడియోకి అతుక్కుపోయి ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళారు. పిల్లలిద్దరూ ఇవాళంతా మంచం మీంచి దూకి చంద్రుడి మీద దిగుతూనే ఉన్నారు. అంత దూరం ఎగిరి వెళ్ళి దిగగలిగారు గానీ, మేం మాత్రం మేడ మెట్లు దిగి కిందివాటా వాళ్ళతో ఒక్క మాట మాట్లాడలేకపోతున్నాం.

మాట్లాడలేకపోతున్నాం అని ఎందుకు రాశానో. మాట్లాడటం లేదు, అంతే. అవసరం పడక.

ఇల్లు వాళ్ళది. అశోక్ నగర్లో ఈ పైవాటాలో మేం దిగిన రోజున మా అత్తగారు రాలేదని కిందివాటా సులోచన వదినే వచ్చి పాలు పొంగించింది. పెద్దదానికి ఆటలమ్మ పోసినప్పుడు మా ఇంట్లో వంట ఆవిడే చేసింది. అవన్నీ నిజమే. కాదని ఎవరన్నారు.

మే నెల ప్రత్యేక తెలంగాణా గొడవల్లో, ఊరంతా కర్ఫ్యూలూ నినాదాలూ అయి ఉన్నప్పుడు, ఒక సాయంత్రం వీధిలోంచి రాయి వచ్చి మా ముందుగది కిటికీ అద్దం పగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఈయన బాల్కనీలోకి వెళ్ళి వీధంతా వినేట్టు, "ఇల్లూ వాళ్ళదే, రాళ్ళూ వాళ్ళవే" అన్నారు. కింద మొక్కలకి నీళ్ళు పోస్తున్న సులోచన వదిన భర్త కిషన్ రావు గారు తలెత్తి చూశారు. చెంబు అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడు ఒక వడ్రంగి వచ్చి కొత్త అద్దం బిగించిపోయాడు. ఎవరు పంపారని మేం అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు. అప్పటి నుంచి ఇంతే.

జూన్‌లో సులోచన వదిన తమ్ముడు రాఘవేందర్‌ని ఊరేగింపులో పట్టుకెళ్ళారని, లాఠీ దెబ్బకి మోకాలు చితికిందని పనిమనిషి బుగ్గమ్మ చెప్పింది. వెళ్ళి పలకరిద్దామా అంటే ఈయన మనకెందుకన్నారు. ఆ వారమంతా నాకు తలనొప్పిగా కూడా ఉంది.

25 జూలై

మహిళా మండలి మీటింగు, చిక్కడపల్లిలో. ప్రెసిడెంటు కుసుమగారు డాక్టరుగారి భార్య. ఆవిడ ఏం చెప్పినా మందుచీటీ రాసిచ్చినట్టే ఉంటుంది. ఆగస్టు పదిహేనున టీ పార్టీ పెడదామన్నారు. ఏదో ఇంగ్లీషు పత్రికలో చూశారట, పలహారాలన్నీ జెండా రంగుల్లోనే ఉండాలట. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ. తాగేవి కూడా.

మధ్యలో నీలం చక్రం సంగతేమిటండీ అని ఎవరో అడిగారు. అది త్రిపురసుందరిగారు చూసుకుంటారు అన్నారు కుసుమగారు. నా పేరు అన్నప్పుడు నేను ఆవలిస్తున్నాను.

పనులు పంచారు. కాషాయం, తెలుపు మా వైపు వాళ్ళం నలుగురం. ఆకుపచ్చంతా సులోచన వదిన, ఆవిడ వైపు వాళ్ళు. సెక్రటరీ నళిని రాసుకుంది. నళిని నారాయణగూడలో బళ్ళో టీచరు, సులోచన వదినకి దూరపు బంధువు. పేర్లు చదువుతుంటే నేనూ సులోచన వదినా చెరో గోడకేసి చూశాం.

26 జూలై

కిందివాటాలో పిస్తా బర్ఫీ చేస్తారట. చేసుకోనీ.

28 జూలై

ఈయన సాయంత్రం నవ్వుతూ వచ్చారు. బెజవాడ బదిలీ అయింది. మే నెలలోనే అర్జీ పెట్టారట, నాకు చెప్పకుండా. సెప్టెంబరు మొదటికి అక్కడ చేరాలి.

నాకు చాలా సంతోషంగా ఉంది. బెజవాడలో కృష్ణ నీళ్ళు. కూరగాయలు మనవి. మాట మనది. మార్కెట్టుకెళ్ళి ఆనపకాయ అంటే సొరకాయా అని ఎవరూ తిరిగి అడగరు. మా చెల్లెలు తెనాలిలోనే ఉంది. పిల్లల చదువు ఎలాగూ ఈ ఏడు సగం మునిగిపోయింది.

చాలా సంతోషంగా ఉంది. పప్పు మాడ్చాను.

30 జూలై

బుగ్గమ్మ రెండు వాటాల్లోనూ పని చేస్తుంది కాబట్టి కబుర్లు ఆవిడ మీదుగానే నడుస్తున్నాయి. ఈ పూట జరిగింది రాసుకోవాలి.

నేను వంటింట్లోంచి, కొబ్బరి కోరు ఎంత కావాలో కిందవాళ్ళు కూడా ఒక మాట చెబితే బావుండునని బుగ్గమ్మతో అన్నాను. పెరట్లో బట్టలారేస్తున్న సులోచన వదినకి నా మాట స్పష్టంగా వినిపిస్తుంది. కిటికీ కిందే ఉంది. అయినా బుగ్గమ్మ దిగింది. కింద సులోచన వదిన, నాకు వినిపించేట్టే, తెలుపు తమ పని కాదని, కొబ్బరి గురించి తమనెందుకడుగుతున్నారని అంది. బుగ్గమ్మ ఎక్కింది.

"ఏమందో విన్నవు గదమ్మ. మళ్ళ నేను చెప్పాల్నా?"

చెప్పమన్నాను. చెప్పింది. మోకాళ్ళు నొప్పులంటూ మెట్ల మీదే కూర్చుండిపోయింది.

2 ఆగస్టు

నీలం చక్రానికి ఉపాయం దొరికింది. శంఖుపూలు. గుడి దగ్గర పూలమ్మే ఆవిడ తెచ్చిపెట్టింది. వేడినీళ్ళల్లో నానబెడితే చక్కటి నీలం దిగింది. ఆ నీళ్ళు పోసి చిన్న ఇడ్లీలు వేశాను. ఈయన ముందు పెడితే చాలాసేపు చూశారు.

"ఇది చలికి ఒణుకుతున్న ఇడ్లీలా ఉందేవిటే" అన్నారు. ముట్టుకోలేదు. పిల్లలు మాత్రం పోట్లాడుకుని తిన్నారు, నాలుకలు బయటపెట్టి చూసుకున్నారు.

ఇలాంటివి చూస్తే సులోచన వదినకి నవ్వు ఆగదు. నవ్వితే కొంగు నోట్లో కుక్కుకుంటుంది. ఊరికే రాస్తున్నాను.

5 ఆగస్టు

మూడు రంగులూ ఒకే గ్లాసులో నిలబెట్టాలని కుసుమగారి పట్టుదల. అడుగున ఆకుపచ్చ షర్బత్తు, మధ్యన పాలు, పైన కమలాపండు రసం. నేను చెంచా మీంచి నెమ్మదిగా పోశాను. ఊపిరి బిగబట్టి చూశాను. పాలు విరిగిపోయాయి. గ్లాసులో ఏర్పడిన రంగుకి ఏ దేశపు జెండాలోనూ చోటుండదు.

కుసుమగారికి ఫోను చేయించాను. మూడు గ్లాసులు పక్కపక్కన పెడదామని ఒప్పుకున్నారు. కాషాయానికి కమలాపండు షర్బత్తు, తెలుపుకి బాదం పాలు, ఆకుపచ్చకి వట్టివేళ్ళ షర్బత్తు. ఆ చివరిది కిందివాటాది.

8 ఆగస్టు

మీటింగు చెడింది.

అంతా బాగానే మొదలయింది. కాగితపు జెండాలు ఎవరు తేవాలి, టీకి పాలు ఎవరు పంపాలి అన్నంత వరకూ. అప్పుడు నళిని లేచి, ఈ ఎండాకాలం కాల్పుల్లో పోయిన పిల్లల కోసం జెండా ముందు రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం అంది. తన బళ్ళో ఆయమ్మ కొడుకు కూడా పోయాడని చెప్పింది. లెక్కల పాఠం చెప్పినట్టే చెప్పింది.

కుసుమగారు, పండగనాడు రాజకీయాలు వద్దన్నారు. నళిని రాజకీయం కాదంది. కుసుమగారు మరి మా వాళ్ళ ఇళ్ళ మీద పడ్డ రాళ్ళ సంగతేమిటన్నారు. అక్కడితో ఎవరూ ఎవరి మాటా వినలేదు.

"మీ పండుగ మీరు చేసుకోండి. మాది మేం చేసుకుంటం" అని నళిని సంచీ భుజాన వేసుకుంది. ఆవిడ వైపు వాళ్ళంతా లేచారు. సులోచన వదిన అందరికన్నా ఆఖరున లేచింది. చెప్పులేసుకుంటూ ఒక్కసారి నావైపు చూసింది.

నేను లేవలేదు. కాలు తిమ్మిరెక్కింది.

9 ఆగస్టు

తిమ్మిరి తగ్గింది.

11 ఆగస్టు

పార్టీకి మండలి హాలు దొరకదని తేలింది. కుసుమగారు పార్టీ మా ఇంట్లో పెట్టారు. మేడ మీద డాబా ఉంది కదా, షామియానా వేయిస్తానన్నారు. నేను ఇంట్లోవాళ్ళని అడిగి చెబుతానన్నాను. అడగడానికేముంది, ఆయనకి దేశభక్తి లేదా అన్నారు. ఉందండీ అన్నాను.

సాయంత్రం బుగ్గమ్మ చెప్పింది, వాళ్ళ పార్టీ కింద వాకిట్లోనట. అదే రోజు, అదే నాలుగింటికి.

ఇంకో సంగతి నాకు అప్పుడు తట్టింది. మా దగ్గర కాషాయం, తెలుపు ఉన్నాయి. వాళ్ళ దగ్గర ఆకుపచ్చే ఉంది. ఈ ఇంట్లో రెండు పార్టీలు, ఒక్క జెండా కూడా పూర్తిగా లేదు. కుసుమగారికి చెబితే, పచ్చిమిరపకాయ బజ్జీలు వేయండి అన్నారు. బజ్జీలు పచ్చగా ఎక్కడుంటాయి. పిండిలో ముంచాక అవీ కాషాయమే.

13 ఆగస్టు

సుల్తాన్ బజార్‌కి వెళ్ళాను గ్లాసుల కోసం. కొట్లో సులోచన వదిన ఉంది. అదే రకం గ్లాసులు బేరమాడుతోంది. నేను పక్క కొట్లో నాకక్కర్లేని రిబ్బన్లు చూస్తూ నిలబడ్డాను. ఆవిడ బేరం బాగా చేస్తుంది, నాకు చేతకాదు. ఇదివరకు నాక్కావలసినవన్నీ ఆవిడే అడిగేది, నేను పక్కన నిలబడి కోపంగా మొహం పెట్టేదాన్ని. అదే నా వంతు సాయం.

ఆవిడ వెళ్ళిపోయాక వెళితే కొట్టువాడు నవ్వుతూ, ఇవాళ ఇద్దరూ విడివిడిగా వచ్చారేమిటన్నాడు. తొందరపనిలో ఉన్నామన్నాను.

బస్సులో నిలబడి వచ్చాను. ఆవిడా అదే బస్సు. ముందు వైపు.

14 ఆగస్టు

పొద్దుట నుంచీ కేసరి, కొబ్బరుండలు. చేతులు మణికట్ల దాకా కాషాయం. కింద నుంచి నేతిలో పిస్తా వేగుతున్న వాసన మెట్లెక్కి వస్తోంది. చిన్నాడు కిటికీ ఊచల మధ్య ముక్కు పెట్టి కూర్చున్నాడు. అది మనది కాదురా అన్నాను. మరి ఎవరిది అన్నాడు. కిందవాళ్ళది అన్నాను. కింద ఎవరున్నారు, పెద్దమ్మే కదా అన్నాడు.

వాడిని చదువుకోమని పంపేశాను.

బెజవాడలో మేడ మీద ఇల్లు తీసుకోకూడదు. కిందివాటానే తీసుకోవాలి.

16 ఆగస్టు, శనివారం

నిన్నటిది వరసగా రాస్తాను.

పొద్దున పిల్లల బళ్ళో జెండా ఎగరేశారు. శ్రావణ శుక్రవారం కూడా కాబట్టి ఇంటికొచ్చి పూజ చేసుకున్నాను. మధ్యాహ్నానికి షామియానా వచ్చింది. కింద వాకిట్లో ముగ్గులు, కుర్చీలు. నాలుగింటికి మావాళ్ళు అంచుల్లో కాషాయం ఉన్న చీరలు చూసి కట్టుకుని పైకి ఎక్కారు. వాళ్ళవాళ్ళు కింద కూర్చున్నారు. గేటు ఒకటే కావడంతో ఎదురుపడ్డవాళ్ళు, ఎండగా ఉందండీ అంటే ఎండగా ఉందండీ అనుకుని విడిపోయారు.

ఎండగా ఉందని వాళ్ళు అన్నారో లేదో, వాన మొదలైంది. మామూలు వాన కాదు. షామియానా మధ్యలో నీళ్ళు నిండి పొట్టలా వేలాడింది, తరవాత ఒక మూల తాడు తెగింది. నీలం ఇడ్లీల గిన్నె నేను కాపాడాను, కుసుమగారిని ఎవరూ కాపాడలేదు. అందరం లోపలి గదుల్లో ఇరుక్కున్నాం. కింద వాకిలంతా మడుగు. వాళ్ళు కుర్చీలెత్తుకుని వరండాలోకి చేరారు.

పెద్దవాళ్ళం తలలు తుడుచుకునేలోగా పిల్లలు మెట్ల మీద కొట్టు తెరిచారు. మావాళ్ళు పళ్ళాల్లో కేసరి, కొబ్బరుండలు పట్టుకుని దిగారు. కిందవాళ్ళ పిల్లలు బర్ఫీ, పుదీనా సాండ్విచ్చీలు పట్టుకుని ఎక్కారు. ఒక కేసరికి ఒక బర్ఫీ. నీలం ఇడ్లీ చూపిస్తే రెండు బర్ఫీలు. నా ఇడ్లీకి ఆ ధర పలుకుతుందని నేనెన్నడూ అనుకోలేదు. కాసేపటికి మూడు రంగులూ పూర్తిగా ఉన్న పళ్ళాలు పిల్లల చేతుల్లోనే ఉన్నాయి.

కుసుమగారు వాళ్ళని వెనక్కి పిలవమన్నారు. నేను పిలవడానికే లేచాను. చేతిలో కేసరి పళ్ళెం ఎందుకుందో తెలీదు. మెట్లు దిగి, వరండాలో వాళ్ళందరి మధ్య నుంచి, ఎవరి మొహమూ చూడకుండా తిన్నగా వంటింట్లోకి వెళ్ళాను.

సులోచన వదిన అటు తిరిగి షర్బత్తు కలుపుతోంది.

"వదినగారూ, కేసరి తెచ్చాను."

"ఆడ పెట్టు."

పెట్టాను. వెళ్ళిపోవచ్చు. నిలబడ్డాను. ఆవిడ చక్కెర కలుపుతూనే ఉంది. ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది.

"బెజవాడకు పోతున్నరంట."

"ఎవరు చెప్పారు?"

"పాలాయన చెప్పిండు. పాలాయనకు ఎరుకున్నది, నాకు ఎరుక లేదు."

"చెబుదామనే అనుకున్నాను."

"ఎప్పుడు? సామాన్లు లారీకి ఎక్కించినంకనా?"

అప్పుడు ఇటు తిరిగింది. నా చేతులు చూసింది, మణికట్ల దాకా ఇంకా కాషాయంగానే ఉన్నాయి. నవ్వొచ్చిందేమో, పెదవి కొరుక్కుంది. ఆ పెదవి చూసేసరికి నాకు ఏడుపొచ్చింది.

"నాకు వెళ్ళాలని లేదు" అన్నాను.

ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. ఇందులో కూడా రాయలేదు. వెనక్కి తిప్పి చూశాను ఇప్పుడే, ఎక్కడా లేదు.

సులోచన వదిన చేతులు తుడుచుకుంది. "నాకు చెప్తే ఏమయితది? మీ జోగారావు గారికి చెప్పు."

ఇంతలో మంచినీళ్ళకని రాఘవేందర్ వచ్చాడు. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఇదివరకు ఈ కుర్రాడు మా మెట్లు మూడేసి ఒక్క అంగలో ఎక్కేవాడు. నన్ను చూసి, "మంచిగున్నరా అక్క?" అన్నాడు, నిన్ననే చూసినట్టు. కాలెలా ఉందని అడిగాను. ఇప్పుడు కొంచెం నయమన్నాడు. అడగడం ఇంత తేలికని ఎవరైనా ముందే చెప్పి ఉండాల్సింది.

వరండాలో నళిని అందర్నీ లేచి నిలబడమంటోంది. నేను పరుగున పైకి వెళ్ళాను. గదిలో మావాళ్ళంతా నన్నే చూస్తున్నారు. కింద వరండా పొడిగా ఉంది, అందరం అక్కడికి పోదాం రండి అన్నాను. వాళ్ళు రెండు నిమిషాలు నిలబడతారట, మనమూ నిలబడదాం అన్నాను.

కుసుమగారు, త్రిపురసుందరిగారూ, మీ కిటికీ మీద పడ్డ రాయి మరిచిపోయారా అన్నారు.

"మరిచిపోలేదండీ. అద్దం పగిలింది. అక్కడ పిల్లలు పోయారు" అన్నాను.

ఎక్కువ మాట్లాడానేమో అని భయమేసింది. ముందు ఒకావిడ లేచింది, తరవాత పక్కావిడ. కుసుమగారూ ఇంకో ఇద్దరూ పైనే ఉండిపోయారు. మిగిలినవాళ్ళం దిగాం. కింద జరిగి చోటిచ్చారు. చోటు తక్కువ, భుజాలు తగులుతున్నాయి. తడిసిన పట్టుచీరల వాసన. నళిని తలొంచుకుంది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. మధ్యలో మా చిన్నాడు, పెద్దమ్మా ఇంకో బర్ఫీ ఇవ్వవా అన్నాడు. సులోచన వదిన తల ఎత్తకుండానే వాడి నోరు మూసింది.

కళ్ళు తెరిచి చూస్తే కుసుమగారు మెట్ల పై అంచున నిలబడి ఉన్నారు. దిగలేదు. కానీ నిలబడే ఉన్నారు, చేతులు కట్టుకుని. తరవాత నళిని ఒక గ్లాసు షర్బత్తు తీసుకుని మెట్లెక్కి ఇచ్చింది. ఆవిడ తీసుకున్నారు. చక్కెర ఎక్కువైందన్నారట.

తినడాలు, తాగడాలు అయ్యేసరికి వాన వెలిసింది. ఈయన అప్పటిదాకా పడగ్గదిలో పేపరు అడ్డం పెట్టుకుని దాక్కున్నారు. అందరూ వెళ్ళారనుకుని కిందకి దిగితే వరండాలో కిషన్ రావు గారు ఒక్కరే కుర్చీలు సర్దుతున్నారు. నేను కిటికీ దగ్గరున్నాను. విన్నాను.

ఈయన గొంతు సవరించుకుని, "ఆ అద్దం మీరే వేయించారట" అన్నారు.

"మీరే అంటిరి గదా, ఇల్లు మాదని. మా ఇంటి అద్దం మేం వేసుకున్నం."

ఈయన కుర్చీకి ఇంకో వైపు పట్టుకున్నారు. ఇద్దరూ మోసుకుని లోపల పెట్టారు. అంతకు మించి ఏమీ జరగలేదు. పైకి వచ్చి, ఆ ఆకుపచ్చది ఏదైనా మిగిలిందా అని అడిగారు.

18 ఆగస్టు

చెప్పాను. నేను బెజవాడ రానని.

ఈయనకి మొదట అర్థం కాలేదు, తరవాత కోపం వచ్చింది. నీ కోసమే అర్జీ పెట్టానన్నారు. ఆ రాయి పడ్డ రోజున నువ్వు పిల్లల్ని మంచం కిందకి తోసి వణికిపోయావు, అది చూశాకే పెట్టాను అన్నారు. ఆయన అది చూశారని నాకు తెలీదు. ఆయన ఆ రోజు కేకలేయడం మాత్రమే నేను చూశాను. బాల్కనీలో అన్న ఆ మాట కూడా నా వణుకు చూసి వచ్చిందేమో.

భయం వేసిన మాట నిజమే అన్నాను. భయం పోయిందా అన్నారు. మొత్తం పోలేదన్నాను. మరి ఎందుకు ఉంటానంటావు అన్నారు. ఇక్కడైతే భయమేసినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలుసు, అక్కడ తెలీదు అన్నాను.

ఆర్డరు వచ్చేసింది కాబట్టి ఆయన వెళ్ళి చేరక తప్పదు. వెళ్ళి ఇల్లు చూస్తాను, అప్పుడు వద్దువుగాని అన్నారు. సరే అన్నాను.

22 ఆగస్టు

వరలక్ష్మీ వ్రతం. సులోచన వదిన పేరంటానికి వచ్చింది. ఇన్నాళ్ళూ మాట్లాడనివన్నీ ఒకే పూట మాట్లాడాలని చూశాం. శనగలు నీళ్ళల్లోనే ఉండి మొలకలొచ్చేట్టున్నాయి.

31 ఆగస్టు

ఈయన వెళ్ళారు. కిషన్ రావు గారు స్కూటరు మీద స్టేషనుకి దింపారు. ఇద్దరి మధ్యా పరుపుచుట్ట. సందు మలుపు తిరిగేదాకా ఇద్దరూ అదెలా పట్టుకోవాలో వాదించుకుంటూనే వెళ్ళారు.

ఇల్లు పెద్దదిగా ఉంది.

5 సెప్టెంబరు

ఉత్తరం వచ్చింది. సత్యనారాయణపురంలో ఇల్లు చూశారట. రెండు గదులు, వంటిల్లు, కుళాయి ఇరవై నాలుగు గంటలూ. కిందివాటా. వంటింటికి ఏ వైపు వెలుగు వస్తుందో రాయలేదని జవాబు రాశాను.

9 సెప్టెంబరు

తూర్పు వెలుగేనట. పెరట్లో కరివేపచెట్టు కూడా ఉందట. కరివేపచెట్టుంటే చీమలుంటాయని రాశాను.

సులోచన వదిన చదవమంటే చదివి వినిపించాను. "పాపం, ఆయన గా ఇల్లు కట్టిచ్చినా నువ్వు వంక పెడ్తవు" అంది.

ఆయనకి పాపమే. నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఉత్తరాల్లో మాత్రం అవేవీ రాయడం లేదు. ఆయన కూడా రాయడం లేదు, అక్కడ చాలా బావుందనే రాస్తున్నారు. చాలా బావుంది, చాలా బావుంది అని ప్రతి పేజీలోనూ. అలా రాయడం ఎందుకో నాకు తెలుసు.

14 సెప్టెంబరు, ఆదివారం

రేపు వినాయక చవితి. మధ్యాహ్నం పిల్లలకి పాలవెల్లి కట్టి చూపిస్తున్నాను. గేటు చప్పుడైంది. చూస్తే ఈయన. పండక్కి వచ్చారనుకున్నాను. వెనకాల రిక్షావాడి నెత్తిన పరుపుచుట్ట.

కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక నెమ్మదిగా చెప్పారు. ఇక్కడ ఆయన సీటులోకి వచ్చిన బెజవాడ మనిషి, వచ్చిన రోజు నుంచీ తిరిగి పంపించెయ్యమని గోల పెడుతున్నాడట. ఇద్దరూ కలిసి అర్జీ పెట్టుకున్నారు. పైవాళ్ళు సరేనన్నారు.

ఇల్లు అంత బాగా దొరికింది కదండీ అన్నాను.

"ఇల్లు బావుంది. నీళ్ళు బావున్నాయి. ఆఫీసులో అందరూ మనవాళ్ళే" అన్నారు. తుండుతో మొహం తుడుచుకున్నారు. "పొద్దున్న పేపరు చూసి నేనేదైనా అంటానా, అంతేనండీ జోగారావుగారూ అంటారు. సాయంత్రం దానికి వ్యతిరేకం అంటానా, అదీ నిజమేనండీ అంటారు. ఎంతకని అలా ఉంటాం. మాట్లాడుకోవడానికి ఏమీ ఉండటం లేదే."

నేను నవ్వలేదు. చాలా కష్టపడ్డాను.

కాఫీ తాగి, పేపరు ఉందా అన్నారు. కింద ఉందన్నాను. దిగారు. వరండాలో కుర్చీ లాగిన చప్పుడు. కొంచెంసేపు ఏమీ వినిపించలేదు. ఆ కొంచెంసేపూ నేను పాలవెల్లి తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాను. తరవాత కిషన్ రావు గారి గొంతు వచ్చింది.

"గట్లెట్లంటరు జోగారావు గారు? జర మీరే ఆలోచన చెయ్యండి."

"ఆలోచించే అంటున్నానండీ."

"ఆలోచిస్తే గట్ల అనరు."

ఉద్యోగాల ముల్కీ నిబంధనల దగ్గర మొదలై నాగార్జునసాగర్ నీళ్ళ దాకా వెళ్ళారు. ఇద్దరి గొంతులూ లేచాయి. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తారేమోనని నేను కిందకి దిగాను. సులోచన వదిన అప్పటికే పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టింది. ఆపమందామా అని అడిగాను.

"ఎందుకు? ఇప్పుడే మొదలుపెట్టిండ్రు" అంది. రోలు నావైపు జరిపింది.

నేను కూర్చుని అల్లం దంచాను.